బారెడు పొద్దు

ఆదివారం పాలెంలో బస్సెక్కితే
ఏ ఊరని అడిగాడు కండక్టరు.
గోండార్ అన్నాను.
"గదేడుంది? గద్వాల దాటినంకనా?"
అవును, దాటాకే అన్నాను.
అబద్ధం కాదు,
ఎంత దాటాలో చెప్పలేదంతే.

భూత్పూర్ దగ్గర ఒక ముసలాయన ఎక్కి
పక్కన చతికిలబడి
చంకలోని మేకపిల్లను నా ఒళ్లో పెట్టి
బీడీల కట్ట వెతుక్కున్నాడు.
ఎక్కడినుంచి వచ్చావని అడగలేదు,
ఏం చదువుతావని అడగలేదు.
ఈ దేశంలో నన్నేమీ అడగకుండా
బరువప్పజెప్పిన మొదటి మనిషి.

పాలమూరు నాకు బోర్డులతో మొదలైంది.
మా లిపికీ గుణింతాలున్నాయి, ఏడే వరుసలు.
ఇక్కడి కొమ్ములూ సుడులూ లెక్కపెట్టలేక
తలకట్లు పట్టుకుని వేలాడాను.
మెడికల్ హాలు, పంక్చరు షాపు,
బ్లౌజులు ఒక్కరోజులో,
"ఇచ్చట పాత బంగారం కొనబడును."
ఆ కొనబడును దగ్గర మూడు వారాలు ఆగిపోయాను.
ఎవరు కొంటారో చెప్పకుండా
ఎంత మర్యాదగా తప్పుకుంటుందో ఆ మాట!

గడియారం చౌరస్తాలో ఫోను చచ్చిపోయింది.
దానితోపాటు పటమూ పోయింది.
మెట్టుగడ్డ అనుకున్నది రామయ్యబౌలి అయింది,
ఒకే పచ్చ మసీదు మూడుసార్లు ఎదురొచ్చింది,
మూడోసారి దాని ముందు అత్తరమ్మే కుర్రాడు
సలాం కూడా చేశాడు.

అప్పుడు తగిలింది
పెనం మీద మాడుతున్న జొన్నపిండి వాసన.
నా ముక్కు ఒక్కతే
ఇంటికి వెళ్లి తిరిగొచ్చింది.

రైలు గేటు పక్క కట్టెల పొయ్యి,
పొయ్యి వెనక ఉసేనమ్మ.
రొట్టె కొడుతూ తలెత్తకుండానే
"మీ తాన జొన్నలుంటయా?" అంది.

మా కాలేజీ పుస్తకంలో ఉంది,
నా థీసిస్ మొదటి పేజీలోనూ ఉంది,
ఈ గింజ మా వైపు పొలాల్లోనే
మొదట మనిషికి మచ్చికైందని.
నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.
ఆమె అరచేతుల కింద రొట్టె
ఒక్క పగులు లేకుండా తిరుగుతోంది.

"ఉంటయి" అన్నాను.
"గింత పల్చగ మాకు రాదు."

తొక్కు వేసిచ్చింది. తప్పిపోయానని చెప్పాను.
బోర్డులు ఇంకా సరిగా చదవలేనని కూడా.

"బోర్డు నమ్ముకుంటే అయితదా కొడుకా!
నన్ను బొంబాయిల దించి మేస్త్రి యాడికో పాయె.
చంకల పిల్ల, నెత్తిన మూట.
అచ్చరం రాదు, ఆళ్ల మాట రాదు.
తొండం ఇరిగిన ఏనుగు బొమ్మ,
ఇస్త్రీ బండి,
మూడు కాళ్ల కుక్క,
గివే నాకు ఊరు.
కుక్క సచ్చిన్నాడు
మాపటిదాంక దారి దొర్కలె."

నవ్వింది, నిప్పు ఎగదోసింది.
పద్నాలుగేళ్లు ఆ నగరంలో ఇటుకలు మోసిందట.
సముద్రం చూశావా అని అడిగాను.
"సూసిన. ఒకపారి.
ఉప్పునీళ్లని తెల్వక పిల్లకు తాపిచ్చిన."

మళ్లీ ఎప్పుడు రమ్మంటావు?
"బారెడు పొద్దెక్కినంక రా."

మా ఊళ్లో పొద్దు పొడిచి గంట గడిస్తే
ఒంటిగంట. ఇక్కడదే ఏడు.
ఏడాదిగా ప్రతి పొద్దునా ఆరు కూడుకుని
నిద్రలేస్తున్నాను.
బారెడుకి కూడికల్లేవు.
రేపటి సూర్యుడు వచ్చే వైపు
చెయ్యి చాపి కొలుచుకున్నాను.
గేటు దగ్గర ఆగిన ఆటోవాడు
తననే పిలిచాననుకుని వచ్చి నిలబడ్డాడు.

ఆఖరి బస్సులో అదే కండక్టరు.
"గోండారేనా?"
కాదు, పాలెం.
చిల్లర లేదని టికెట్టు వెనక
పన్నెండని రాసిచ్చాడు.
అంకె కాదు, అక్షరాల్లో,
నన్ను ఆటపట్టించడానికే కావచ్చు.
పకారానికి తలకట్టు, నకారం కింద నకారం,
డకారం నెత్తిన సున్నా ముందు తడబడి
బిజినేపల్లి వచ్చేలోపు చదివేశాను.

మొదటిసారి ఈ ఊరు నాకు బాకీ పడింది.
పాలెంలో
అడక్కుండా దిగిపోయాను.